డబుల్‌కార్టిన్ యాంటీబాడీతో లేత నాడీకణాలను చూడాలంటే

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో జంతుశాస్త్రమో బయోటెక్నాలజీయో ఎమ్మెస్సీ చేస్తున్నవారికీ, వైద్య కళాశాలల్లో కొత్తగా పరిశోధనకు దిగినవారికీ ఈ వ్యాసం. మెదడు సెక్షన్లలో (పలుచని కోతల్లో) ఇంకా ఎదిగే దశలో ఉన్న నాడీకణాలను డబుల్‌కార్టిన్ యాంటీబాడీతో ఎలా పట్టుకోవాలో చెబుతాను. ఖరీదైన వస్తువు కాబట్టి అందరి దృష్టీ యాంటీబాడీ సీసా మీదే ఉంటుంది. ఫలితం మాత్రం చాలావరకు ఆ సీసా మూత తీయకముందే తేలిపోతుంది. మెదడు ఫార్మాల్డిహైడ్‌లో ఎంతసేపు నానింది, పక్కన పోల్చి చూడటానికి ఏయే కంట్రోల్ సెక్షన్లు పెట్టారు అన్న రెండు ప్రశ్నలకు మీ దగ్గర జవాబు లేకపోతే, స్లైడు మీద ఎంత చక్కటి గోధుమరంగు వచ్చినా అది దేనికీ రుజువు కాదు.

ముందు దేన్ని వెతుకుతున్నామో తెలియాలి

డబుల్‌కార్టిన్ కణంలోని మైక్రోట్యూబ్యూల్స్‌ను అంటిపెట్టుకుని వాటిని నిలబెట్టే ప్రొటీన్. ప్రయోగశాలల్లో డీసీఎక్స్ అంటారు. బరువు సుమారు 40 కిలోడాల్టన్లు. దీని జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంది. ఆ జన్యువు దెబ్బతింటే నాడీకణాలు పుట్టిన చోటి నుంచి తమ స్థానానికి చేరలేవని 1998లో తేలింది. అలాంటి మగపిల్లల్లో మెదడు పైభాగం ముడతలు లేకుండా నునుపుగా తయారవుతుంది. ఆడపిల్లల్లో కార్టెక్స్ కింద, దారిలో ఆగిపోయిన కణాలు మరో పట్టీగా మిగిలిపోతాయి.

మనకు పనికొచ్చే సంగతి ఏమిటంటే, ఈ ప్రొటీన్ నాడీకణంలో కొద్దికాలమే ఉంటుంది. ఎదిగిన ఎలుకల్లో కణం పుట్టిన తొలి రోజుల్లో మొదలై, మూడు నాలుగు వారాలకు తగ్గిపోతుంది. ఆ తర్వాత న్యూఎన్ వంటి ముదురు నాడీకణాల గుర్తులు దాని స్థానంలోకి వస్తాయి. అందుకే డీసీఎక్స్‌ను లేత కణాలకు గుర్తుగా వాడతారు.

ఎదిగిన ఎలుక మెదడులో ఈ కణాలు ప్రధానంగా రెండు చోట్ల ఉంటాయి. ఒకటి హిప్పోక్యాంపస్‌లోని డెంటేట్ గైరస్. రెండోది పార్శ్వ జఠరికల గోడ. అక్కడ పుట్టిన కణాలు బారులు తీరి ఘ్రాణ లంబిక దాకా వలస వెళతాయి. మొదటిసారి చేసేవారు డెంటేట్ గైరస్‌తోనే మొదలుపెట్టండి. దొరకడం సులువు, ఆకారం చూడగానే గుర్తుపట్టవచ్చు.

ఆరు నుంచి ఎనిమిది వారాల వయసున్న చిట్టెలుకను ఎంచుకోండి. వయసు పెరిగేకొద్దీ ఈ కణాలు బాగా పలచబడతాయి. ఏడాదిన్నర ముసలి ఎలుకలో రంగు కనబడలేదని యాంటీబాడీని తిట్టుకోవడం అన్యాయం.

అనుమతి, కణజాలం

జంతువుల మీద చేసే ప్రయోగాలు 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం పరిధిలోకి వస్తాయి. మీ సంస్థలో జంతు నైతిక సంఘం ఉండాలి, మీ ప్రతిపాదనకు దాని ఆమోదం ఉండాలి, జంతుశాల నమోదై ఉండాలి. ఇవన్నీ లేని డిగ్రీ కళాశాలలే మన దగ్గర ఎక్కువ. వాళ్లు చేయగలిగిన మంచి పని, నమోదైన జంతుశాల ఉన్న సంస్థతో కలిసి పనిచేస్తూ, అక్కడే ఫిక్స్ చేసి (ఫార్మాల్డిహైడ్‌తో కణజాలాన్ని బిగించి) కోసిన సెక్షన్లను తెచ్చుకోవడం. కాగితాల మీద ఆ సంస్థ అనుమతి సంఖ్య మీ దగ్గర కూడా ఉండాలి. మనిషి మెదడు కణజాలమైతే దానికి వేరే నైతిక సంఘం ఉంటుంది, ఆ దారి ఇంకా పొడవు.

విశాఖపట్నం నుంచి శ్రీకాకుళానికి వంద కిలోమీటర్ల పైచిలుకు. సెక్షన్లను ఆ దారిలో తేవడం కష్టం కాదు. 30 శాతం గ్లిజరాల్, 30 శాతం ఇథిలీన్ గ్లైకాల్ కలిపిన ఫాస్ఫేట్ బఫర్‌లో వాటిని వేస్తే, సున్నా కింద 20 డిగ్రీల్లో కూడా గడ్డకట్టవు, నెలల తరబడి చెడవు. మూత బిగుతుగా ఉన్న గొట్టాల్లో వేసి, మూత చుట్టూ పారాఫిల్మ్ చుట్టి, ఐస్ ప్యాకులున్న థర్మకోల్ పెట్టెలో పెట్టుకుని బస్సు ఎక్కవచ్చు. పెట్టె ఒళ్లో ఉంచుకోండి. ఇంజిన్ పక్కన సామాన్లు పెట్టే చోట మాత్రం వద్దు.

యాంటీబాడీ ఎంపిక

కేటలాగులో డీసీఎక్స్ అని వెతికితే పదుల కొద్దీ కనిపిస్తాయి. ధర చూసే ముందు నాలుగు సంగతులు చూడండి.

మొదటిది, ఏ జంతువు కణజాలంలో పనిచేస్తుందో. చిట్టెలుక, పెద్ద ఎలుక, మనిషి అని విడివిడిగా రాసి ఉంటుంది. ‘పనిచేస్తుందని అంచనా’ అని రాసినదానికీ ‘పరీక్షించాం’ అని రాసినదానికీ చాలా తేడా ఉంది.

రెండోది, అది ఏ జంతువులో తయారైందో. చిట్టెలుక మెదడు మీద చిట్టెలుకలోనే తయారైన యాంటీబాడీ వాడితే, సెకండరీ యాంటీబాడీ (మొదట వేసే ప్రైమరీ యాంటీబాడీని పట్టుకుని రంగు చూపించేది) ఆ మెదడులో సహజంగా ఉన్న యాంటీబాడీలను కూడా పట్టుకుంటుంది. రక్తనాళాలన్నీ మెరుస్తాయి, మీకు కావలసినది ఆ మెరుపులో కలిసిపోతుంది. కుందేలు, మేక, గినీపంది యాంటీబాడీలు ఈ పనికి హాయి. రేపు మరో గుర్తుతో కలిపి రెండు రంగుల్లో చూడాలనుకుంటే, ఆ రెండో యాంటీబాడీ వేరే జంతువుది అయ్యేలా ఇప్పుడే చూసుకోండి.

మూడోది, ఏ పనికి పరీక్షించారో. వెస్టర్న్ బ్లాట్‌లో (ప్రొటీన్లను బరువును బట్టి విడదీసి చూసే పరీక్షలో) బ్రహ్మాండంగా పనిచేసే యాంటీబాడీ, ఫార్మాల్డిహైడ్‌తో బిగిసిపోయిన సెక్షన్ మీద చేతులెత్తేయవచ్చు. బ్లాట్‌లో ప్రొటీన్ విప్పుకుని సాగి ఉంటుంది, సెక్షన్‌లో తన ఆకారంలోనే బిగుసుకుని ఉంటుంది. యాంటీబాడీకి కావలసిన ముక్క లోపల దాగిపోయి ఉంటే అది పట్టుకోలేదు.

నాలుగోది చాలామంది చదవకుండా వదిలేసే వరుస: ప్రొటీన్‌లోని ఏ భాగాన్ని చూపించి ఆ యాంటీబాడీని తయారుచేశారన్నది. డబుల్‌కార్టిన్‌కు డీసీఎల్‌కే1 అనే దగ్గరి చుట్టం ఉంది. రెండింటి ముందు భాగాలూ బాగా పోలి ఉంటాయి. ఆ పోలిన భాగం మీద తయారైన యాంటీబాడీ రెండింటినీ పట్టుకునే ప్రమాదం ఉంది. వీలైతే ఒక వెస్టర్న్ బ్లాట్ చేసి చూడండి. 40 కిలోడాల్టన్ల దగ్గర గీత వస్తే సంతోషం. 80 దాటాక కూడా గట్టి గీత ఉంటే అనుమానించాలి.

మోనోక్లోనల్ (ప్రొటీన్ మీద ఒకే చోట అతుక్కునే రకం) తీసుకోవాలా, పాలీక్లోనల్ తీసుకోవాలా అని అడుగుతారు. పాలీక్లోనల్ ఒకే ప్రొటీన్ మీద అనేక చోట్ల అతుక్కుంటుంది కాబట్టి సంకేతం బలంగా వస్తుంది. కాకపోతే ఒక జంతువు రక్తం అయిపోతే ఆ యాంటీబాడీ అయిపోయినట్టే. డీసీఎక్స్ విషయంలో ఇది ఊహ కాదు. ఒక తరం పరిశోధకులందరూ వాడిన మేక యాంటీబాడీ ఒకటి మార్కెట్ నుంచి తప్పుకుంది. దాన్ని నమ్ముకున్న వాళ్లు మళ్లీ మొదటి నుంచి పలుచన లెక్కలు చూసుకోవలసి వచ్చింది. పాత పరిశోధన పత్రంలో చూసిన కేటలాగు నంబరును గుడ్డిగా రాసుకోకుండా, ఇప్పుడు దొరుకుతోందా అని ముందు కనుక్కోండి. పీహెచ్‌డీ అంతటికీ సరిపోయేలా ఒకే లాట్ నంబరు సీసాలు రెండు మూడు కొనగలిగితే ఇంకా మంచిది.

సీసా మీ చేతికి వచ్చేలోగా

ఇలాంటివి చాలావరకు విదేశాల నుంచి వస్తాయి, డీలర్లు విశాఖపట్నంలోనో హైదరాబాద్‌లోనో ఉంటారు. అక్కడి నుంచి మీ కళాశాలకు వచ్చే చివరి మజిలీలోనే సీసాకు కష్టాలు. శనివారం సాయంత్రం గేటు దగ్గరికి వచ్చిన పార్సిల్ సోమవారం దాకా కాపలాదారు గదిలో ఉండిపోతుంది. పార్సిల్ సోమవారమో మంగళవారమో బయలుదేరాలని డీలరుతో ముందే చెప్పండి. పెట్టె మీద మీ ఫోను నంబరు పెద్ద అక్షరాలతో రాయించండి. ఆఫీసు నంబరు ఇస్తే ఆ ఫోను ఎవరూ ఎత్తరు.

అక్టోబరులో ఆర్డరు పెట్టకపోవడం ఇంకా మంచిది. 2014లో హుద్‌హుద్ అక్టోబరు 12న వచ్చింది, 2018లో తిత్లీ అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. అలాంటప్పుడు కరెంటు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు.

ఐస్ కరిగిపోయి వచ్చినా కంగారు పడకండి. యాంటీబాడీలు మనం అనుకునేంత సుకుమారమైనవి కావు. ఒకటి రెండు రోజులు వేడి తగిలినా చాలావరకు తట్టుకుంటాయి. పెట్టె ఏ స్థితిలో వచ్చిందో ఫొటో తీసి డీలరుకు పంపండి, తర్వాత కంట్రోల్ కణజాలం మీద పరీక్షించి చూడండి.

దాన్ని పాడుచేసేది పదేపదే గడ్డకట్టి కరగడం. అందుకే వచ్చిన రోజే చిన్న గొట్టాల్లోకి పంచుకోవాలి. సీసాను ముందు సెంట్రిఫ్యూజ్‌లో కొన్ని క్షణాలు తిప్పండి, మూతకు అంటిన చుక్కలు కిందికి దిగుతాయి. ఒక్కో గొట్టంలో 10 మైక్రోలీటర్లకు తక్కువ వేయవద్దు. అంతకంటే తక్కువైతే గోడలకు అంటుకునేది, ఆవిరయ్యేదే ఎక్కువ. గొట్టం మీద పేరు, లాట్ నంబరు, తేదీ రాయండి. కరిగించిన గొట్టాన్ని మళ్లీ గడ్డకట్టించకుండా 4 డిగ్రీల్లో ఉంచి వాడుకోండి. సగం గ్లిజరాల్ ఉన్న ద్రావణమైతే సున్నా కింద 20లో కూడా గడ్డకట్టదు కాబట్టి పంచే శ్రమ తగ్గుతుంది.

మంచు పట్టని రకం ఇంటి ఫ్రిజ్‌లు మంచును కరిగించడానికి మధ్యమధ్యలో వేడెక్కుతాయి. వాటి ఫ్రీజరు యాంటీబాడీకి పనికిరాదు. ఎలాంటి ఫ్రిజ్ అయినా తలుపు అరలో పెట్టవద్దు. గొట్టాల పెట్టెను ఐస్ ప్యాకుల మధ్య వెనక గోడకు దగ్గరగా ఉంచితే, కరెంటు పోయినా తలుపు తీయనంతసేపూ కొన్ని గంటలు గడుస్తాయి.

ఫిక్స్ చేయడం: అసలు గెలుపోటములు ఇక్కడే

మత్తులో ఉన్న జంతువు గుండె ద్వారా ముందు ఉప్పునీటి ద్రావణం పంపి రక్తాన్ని కడిగేయాలి. తర్వాత 4 శాతం పారాఫార్మాల్డిహైడ్ పంపాలి. ఇది శిక్షణ పొందినవారు, అనుమతి ఉన్నచోట మాత్రమే చేయవలసిన పని. రక్తం సరిగ్గా పోకపోతే ఎర్ర రక్తకణాల్లోని పెరాక్సిడేజ్ చర్య తర్వాత డీఏబీ (పెరాక్సిడేజ్ ఎంజైమ్ ఉన్నచోట గోధుమరంగుకు మారే రసాయనం) వేసినప్పుడు గోధుమరంగుకు తిరిగి, మీ కణాల్లాగే నాటకమాడుతుంది.

పారాఫార్మాల్డిహైడ్‌ను ఏ రోజుకారోజు తయారుచేసుకోండి. పొడిని నీటిలో వేసి 60 డిగ్రీల దాకా వేడిచేసి, సోడియం హైడ్రాక్సైడ్ చుక్కలు వేస్తే తేటపడుతుంది. చల్లార్చి, బఫర్ కలిపి, వడకట్టి, పీహెచ్ 7.4కు తేవాలి. ఇదంతా ఫ్యూమ్ హుడ్‌లో. ఫార్మాల్డిహైడ్ క్యాన్సర్ కారకమని రుజువైన పదార్థం. కిటికీ తెరిచాం కదా అని బల్ల మీద చేసే వాళ్లను చూస్తే నాకు భయమేస్తుంది.

మెదడు బయటికి తీశాక అదే ద్రావణంలో 4 డిగ్రీల్లో ఒక రాత్రి చాలు. మరునాడు తీసేయండి. సంక్రాంతి సెలవులకు ఊరెళ్లి, తిరిగొచ్చాక తీద్దామనుకుంటే ఆ మెదడు డీసీఎక్స్‌కు పనికిరాకుండా పోవచ్చు. ఫార్మాల్డిహైడ్ ప్రొటీన్ల మధ్య అడ్డకట్లు వేస్తుంది. కాలం గడిచేకొద్దీ ఆ కట్లు పెరిగి, యాంటీబాడీ అతుక్కునే చోటు మూసుకుపోతుంది.

ఇది చిన్న విషయమని అనుకోకండి. పెద్దవాళ్ల మెదడులో కొత్త నాడీకణాలు పుడతాయా లేదా అన్న పెద్ద వివాదం దీని చుట్టూనే తిరిగింది. ఎదిగిన ఎలుక మెదడులో కొత్త నాడీకణాలు పుడుతున్నాయని జోసెఫ్ ఆల్ట్‌మన్, గోపాల్ దాస్ 1965లో చూపించారు. అప్పట్లో వాళ్ల మాట నమ్మినవారు తక్కువ. 2018లో ఒక బృందం పెద్దవాళ్ల హిప్పోక్యాంపస్‌లో డీసీఎక్స్ ఉన్న లేత కణాలు కనిపించలేదని ప్రకటించింది. అదే సంవత్సరం మరో బృందం కనిపిస్తున్నాయంది. 2019లో స్పెయిన్ పరిశోధకులు, కణజాలాన్ని లెక్కపెట్టుకున్న గంటలు మాత్రమే ఫిక్స్ చేస్తే ఆ కణాలు స్పష్టంగా కనిపిస్తాయనీ, నానబెట్టే కాలం పెరిగేకొద్దీ రంగు తగ్గిపోతుందనీ చూపించారు. వివాదం పూర్తిగా సద్దుమణగలేదు. కానీ సీసాలో ఏళ్ల తరబడి ఫార్మలిన్‌లో ఉన్న మెదడు ముక్క తెచ్చి, రంగు రాలేదు కాబట్టి కణాలు లేవని రాయకూడదన్నది మాత్రం అందరికీ అర్థమైంది.

ఫిక్సయిన మెదడును 30 శాతం పంచదార ద్రావణంలో వేయండి. ముందు తేలుతుంది, రెండు మూడు రోజులకు మునుగుతుంది. మునిగితేనే కోతకు సిద్ధం. తొందరపడి కోస్తే మంచు స్ఫటికాలు కణజాలాన్ని చిల్లులు పొడుస్తాయి. క్రయోస్టాట్ మీదగానీ ఫ్రీజింగ్ మైక్రోటోమ్ మీదగానీ 30 నుంచి 40 మైక్రాన్ల మందంతో కోసి, ప్లేటులోని ఆరు గుంతల్లో వరుసగా ఒక్కొక్కటి వేసుకుంటూ వెళ్లండి. అప్పుడు ఏ గుంత తీసుకున్నా హిప్పోక్యాంపస్ మొత్తానికీ ప్రతినిధిగా ఆరో వంతు సెక్షన్లు ఉంటాయి.

మొదటి రోజు

సెక్షన్లను బఫర్‌లో తేలనిచ్చి చేసే పద్ధతి చెబుతున్నాను. యాంటీబాడీ రెండు వైపుల నుంచీ లోపలికి వెళుతుంది కాబట్టి మందపాటి సెక్షన్లకు ఇదే మేలు. సన్నటి కుంచెతో ఎత్తి మార్చుకోవాలి. కుంచె వెంట్రుక సెక్షన్ అంచును తాకాలి, మధ్యలో పొడవకూడదు.

పీబీఎస్‌లో (ఉప్పు కలిపిన ఫాస్ఫేట్ బఫర్‌లో) పది నిమిషాల చొప్పున మూడుసార్లు కడగండి. గ్లిజరాల్ ద్రావణంలో నిల్వచేసినవైతే ఇంకో రెండుసార్లు. ద్రావణాలకు డిస్టిల్డ్ వాటరే వాడాలి. తీరప్రాంత గ్రామాల్లో బోరునీరు ఉప్పగా ఉంటుంది, దానితో చేసిన బఫర్ పేరుకే బఫర్.

తర్వాత యాంటిజెన్ రిట్రీవల్. ఫార్మాల్డిహైడ్ వేసిన కట్లను వేడితో కొంత సడలించడమే దీని పని. పీహెచ్ 6.0 ఉన్న 10 మిల్లీమోలార్ సిట్రేట్ బఫర్‌ను నీటి తొట్టెలో 80 నుంచి 95 డిగ్రీల మధ్య ఉంచి, సెక్షన్లను అందులో 20 నుంచి 30 నిమిషాలు ఉంచండి. అదే బఫర్‌లో చల్లారనివ్వండి. వేడి మీద తీస్తే ముడుచుకుపోతాయి. ఒక రాత్రే ఫిక్స్ చేసిన మెదడుకు ఈ మెట్టు చాలాసార్లు అవసరమే ఉండదు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల. అవసరమో కాదో తేల్చడానికి ఒక సెక్షన్ దీనితో, ఒకటి ఇది లేకుండా చేసి చూడండి.

డీఏబీతో రంగు తేవాలనుకుంటే, ఇప్పుడు 0.3 నుంచి 1 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో 15 నుంచి 20 నిమిషాలు ఉంచండి. రక్తం మిగిలిన చోట బుడగలు వస్తాయి. ఫ్లోరోసెన్స్ పద్ధతికి ఈ మెట్టు అక్కర్లేదు. మళ్లీ మూడుసార్లు కడగండి.

తర్వాతది బ్లాకింగ్. సెకండరీ యాంటీబాడీ ఏ జంతువులో తయారైందో ఆ జంతువు సాధారణ సీరం 5 నుంచి 10 శాతం, ట్రైటాన్ ఎక్స్-100 0.3 శాతం, మిగతా పీబీఎస్. ఒక గంట. డీసీఎక్స్ కణం లోపల ఉండే ప్రొటీన్ కాబట్టి, పొరలో దారి చేసే ట్రైటాన్ లేకుండా యాంటీబాడీ లోపలికి పోదు. ప్రైమరీ మేకదైతే మాత్రం మేక సీరంతో బ్లాక్ చేయకూడదు. చేస్తే, మేకను పట్టుకునే సెకండరీ ఆ సీరాన్నంతా పట్టుకుని సెక్షన్‌ను ఒకే రంగులో ముంచేస్తుంది.

ఇక్కడ మన ఊళ్ల సంగతి ఒకటి. కంపెనీ కాగితంలో గది ఉష్ణోగ్రత అని రాస్తే 20 నుంచి 25 డిగ్రీలని అర్థం. మే నెలలో శ్రీకాకుళంలో ఏసీ లేని గది 35 దాటుతుంది. ఆ వేడిలో గంటసేపు ఉంచితే అక్కరలేని అతుకులు పెరుగుతాయి, గుంతల్లోని ద్రావణం అంచుల్లో ఆవిరై సెక్షన్ ఎండుతుంది. ఎండిన అంచు తప్పకుండా గోధుమరంగుకు తిరుగుతుంది. ఏసీ గది దొరక్కపోతే తెల్లవారుజామున మొదలుపెట్టండి, లేదా 4 డిగ్రీల్లో ఎక్కువసేపు ఉంచండి.

ఇప్పుడు ప్రైమరీ యాంటీబాడీ. కాగితంలో 1:500 అని ఉన్నా, మొదటిసారి 1:250, 1:500, 1:1000, 1:2000 అని నాలుగు పలుచనలు చేసి చూడాలి. లెక్క సులువే. 1:500 అంటే 1 మిల్లీలీటరు బ్లాకింగ్ ద్రావణంలో 2 మైక్రోలీటర్ల యాంటీబాడీ. 1:2000కి అర మైక్రోలీటరు కావాలి. అంత తక్కువ కొలవగల పిపెట్ చాలా చోట్ల ఉండదు. కాబట్టి ముందు 1:250 ద్రావణం చేసుకుని, దాన్ని సగానికి సగం పలచన చేసుకుంటూ పొండి. 4 డిగ్రీల్లో నెమ్మదిగా ఊగే పళ్లెం మీద రాత్రంతా ఉంచండి. 40 మైక్రాన్ల సెక్షన్లకు రెండు రాత్రులిస్తే ఇంకా లోపలికి చేరుతుంది. ప్లేటు మూత చుట్టూ పారాఫిల్మ్ చుట్టడం మరవద్దు.

కంట్రోల్ సెక్షన్లు కూడా ఇదే ప్లేటులో ఉండాలి. ప్రైమరీ వేయని సెక్షన్ ఒకటి. అందులో రంగు వస్తే తప్పు సెకండరీదో పెరాక్సిడేజ్‌దో. రెండూ వేయని సెక్షన్ ఒకటి, కణజాలం సొంత రంగు తెలియడానికి. తప్పకుండా రంగు రావలసిన కణజాలం ఒకటి. దానికి పుట్టిన కొద్దిరోజుల ఎలుక పిల్ల మెదడును మించింది లేదు, అందులో డీసీఎక్స్ పుష్కలంగా ఉంటుంది. యాంటీబాడీని దాని పెప్టైడ్‌తో ముందే కలిపి వాడే కంట్రోల్ కొందరు చేస్తారు. ఆ పెప్టైడ్‌ను పట్టుకునే యాంటీబాడీయే రంగు ఇస్తోందని మాత్రమే అది చెబుతుంది, ఆ రంగు డీసీఎక్స్‌దేనని చెప్పదు. డీసీఎక్స్ జన్యువు తీసేసిన ఎలుక కణజాలం దొరికితే దానికి మించిన సాక్ష్యం లేదు. దొరకడమే కష్టం.

రెండో రోజు

మూడుసార్లు కడిగి, బయోటిన్ తగిలించిన సెకండరీ యాంటీబాడీలో గంట నుంచి రెండు గంటలు ఉంచండి. మొదలుపెట్టేటప్పుడే పెరాక్సిడేజ్ తగిలించిన అవిడిన్-బయోటిన్ మిశ్రమాన్ని కలిపి పక్కన పెట్టుకోండి, దానికి అరగంట నిలవడం అవసరం. కడిగి, ఆ మిశ్రమంలో గంట ఉంచి, మళ్లీ కడగండి. ఈ దశలో వాడే బఫర్లలో సోడియం అజైడ్ ఉండకూడదు. నిల్వ ద్రావణాల్లో బూజు పట్టకుండా వేసే ఆ పదార్థం పెరాక్సిడేజ్‌ను పని చేయనివ్వదు. పైగా అది విషం, చేతితొడుగులు లేకుండా ముట్టుకోవద్దు.

డీఏబీ 0.05 శాతం, దానిలో చివరి క్షణంలో కొద్దిగా హైడ్రోజన్ పెరాక్సైడ్. గుంతను తెల్ల కాగితం మీద పెట్టి చూస్తూ ఉండండి. రెండు నిమిషాల నుంచి పది నిమిషాల లోపు డెంటేట్ గైరస్ వంపు వెంట సన్నటి గోధుమ గీత కంటికే కనబడుతుంది. ఎన్ని నిమిషాలకు ఆపారో గడియారం చూసి రాసుకుని, మిగతా గుంతలన్నిటికీ అంతే సమయం ఇవ్వండి, కంట్రోల్‌కు కూడా. కంట్రోల్‌ను ముందుగా తీసేసి శుభ్రంగా ఉందని చూపించడం మోసం. డీఏబీ వ్యర్థాన్ని సింకులో పోయకుండా వేరే సీసాలో పట్టి, ప్రమాదకర వ్యర్థాలతో పంపండి.

జెలటిన్ పూసిన స్లైడుల మీదికి ఎత్తి ఆరబెట్టండి. వానాకాలంలో గాలిలో తేమ వల్ల రాత్రంతా ఆరినా సరిపోదు. ఆరకుండా ఆల్కహాల్‌లో ముంచితే సెక్షన్ ఊడి తేలుతుంది. కేంద్రకాలకు నీలం రంగు వేసే హెమటాక్సిలిన్ కొద్ది క్షణాలు చాలు, ఎక్కువైతే గోధుమరంగును కప్పేస్తుంది. ఆల్కహాల్ వరుస, జైలీన్, డీపీఎక్స్ జిగురు, కవర్‌స్లిప్. ఈ భాగంలో సందేహాలుంటే మీ దగ్గరి వైద్య కళాశాల పాథాలజీ విభాగం టెక్నీషియన్‌ను అడగండి. రోజూ బయాప్సీలతో అదే పని చేసేవారి చేతిలో ఉన్న నేర్పు పుస్తకంలో దొరకదు.

ఫ్లోరోసెన్స్ మైక్రోస్కోపు అందుబాటులో ఉంటే బయోటిన్, డీఏబీ మెట్లు పోయి, రంగు తగిలించిన సెకండరీతో పని అయిపోతుంది. ఆ తర్వాతి పనంతా చీకట్లో. ముసలి జంతువుల కణాల్లో పేరుకునే లైపోఫ్యూసిన్ అనే పదార్థం తనంతట తానే వెలుగుతుంది కాబట్టి, యాంటీబాడీ వేయని సెక్షన్ లేకుండా ఫ్లోరోసెన్స్ చిత్రాన్ని నమ్మవద్దు.

మైక్రోస్కోపు కింద

తక్కువ శక్తి లెన్సుతో డెంటేట్ గైరస్‌ను పట్టండి. పడుకోబెట్టిన వి ఆకారంలో ముదురు నీలం పట్టీ కనిపిస్తుంది, అది గ్రాన్యూల్ కణాల పొర. ఇప్పుడు 40 రెట్ల లెన్సుకు మారి ఆ పట్టీ లోపలి అంచును చూడండి. డీసీఎక్స్ కణాలు అక్కడ రెండు మూడు కలిసి గుంపుగా ఉంటాయి. గోధుమరంగు కేంద్రకం చుట్టూ సన్నటి ఉంగరంలా ఉంటుంది, కేంద్రకం మాత్రం నీలంగానే మిగులుతుంది. బాగా లేతవాటికి పట్టీ వెంట పాకే పొట్టి తోక మాత్రమే ఉంటుంది. కొంచెం ఎదిగినవి ఒక పోగును పట్టీకి అడ్డంగా, నిటారుగా పైకి పంపుతాయి. అది పట్టీ దాటి పై పొరలోకి వెళ్లాక కొమ్మలు వేస్తుంది. ఆ కొమ్మలు కనబడ్డాయంటే ఫిక్సింగూ పలుచనా రెండూ కుదిరినట్టే.

అదే సెక్షన్‌లో హిప్పోక్యాంపస్‌లోనే ఉన్న సీఏ1 ప్రాంతం కూడా చూడండి. అక్కడివి ముదురు నాడీకణాలు, వాటికి రంగు రాకూడదు. వచ్చే చోటు, రాకూడని చోటు రెండూ ఒకే సెక్షన్‌లో పక్కపక్కనే ఉండటం హిప్పోక్యాంపస్‌లో మనకు కలిసొచ్చే సంగతి. సీఏ1 కూడా గోధుమగా ఉంటే యాంటీబాడీ మరీ చిక్కగా ఉంది, లేదా అది వేరే దాన్ని పట్టుకుంటోంది. పలచన చేసినప్పుడు రెండు చోట్లా రంగు సమానంగా తగ్గితే రెండో అనుమానమే నిజం.

కేంద్రకాలు మాత్రమే రంగు తేలితే అది డీసీఎక్స్ కాదు. అంచులు మాత్రమే గోధుమగా ఉంటే ఎండిపోయాయి. సెక్షన్ పై పొరలో రంగుండి లోపల లేకపోతే ట్రైటాన్ గానీ సమయం గానీ చాలలేదు. ఎక్కడా ఏమీ లేకపోతే ముందు ఎలుక పిల్ల మెదడు చూడండి. అందులో రంగు వచ్చి ఎదిగిన మెదడులో రాకపోతే ఫిక్సింగ్, రిట్రీవల్, జంతువు వయసు ఆలోచించాలి. రెండింటిలోనూ రాకపోతే సెకండరీ సరైన జంతువుదేనా అని సీసా మీద చదవండి. నవ్వకండి, చాలాసార్లు జవాబు అక్కడే ఉంటుంది.

లెక్కపెట్టేటప్పుడు ఏ స్లైడు ఏ జంతువుదో తెలియకుండా వేరొకరిచేత లేబుళ్లు మూయించండి. ఆరో వంతు సెక్షన్లలో లెక్కించి ఆరుతో గుణించాలి. పోల్చవలసిన జంతువులన్నిటి సెక్షన్లకూ ఒకే రోజు, ఒకే లాట్‌తో రంగు వేయాలి.

డీసీఎక్స్ రంగు ఉన్న ప్రతి కణమూ కొత్తగా పుట్టిందేనని రాయడం ఈ రంగంలో తరచూ జరిగే అతిశయోక్తి. ఎలుకల పిరిఫార్మ్ కార్టెక్స్ రెండో పొరలో, జంతువు పుట్టకముందే ఏర్పడి, లేత దశలోనే ఆగిపోయిన కణాలు డీసీఎక్స్ చూపిస్తాయి. కొత్తగా పుట్టాయని చెప్పాలంటే విభజన సమయంలో డీఎన్‌ఏలోకి చేరే బీఆర్‌డీయూ ఇచ్చి, రెండు గుర్తులూ ఒకే కణంలో చూపించాలి. విభజన ఇంకా జరుగుతోందా అని చూడాలంటే కేఐ-67 కలపాలి. డీసీఎక్స్ ఒక్కటే వాడితే ‘లేత నాడీకణాలు’ అని రాసి ఆగండి.

మిగిలిన పలచన ద్రావణాన్ని పారబోయనక్కర్లేదు. 0.02 శాతం సోడియం అజైడ్ వేసి 4 డిగ్రీల్లో ఉంచితే కొన్ని వారాల పాటు మళ్లీ వాడవచ్చు. ప్రతిసారీ కొంత బలం తగ్గుతుంది కాబట్టి దాన్ని కొత్త విద్యార్థుల సాధనకు కేటాయించి, లెక్కపెట్టవలసిన సెక్షన్లకు తాజాది కలపండి. గొట్టం మీద పలుచన, కలిపిన తేదీ, ఎన్నోసారి వాడారో, అజైడ్ ఉందన్న మాట నాలుగూ రాయండి. స్కెచ్ పెన్నుతో రాస్తే ఫ్రిజ్ తేమకు చెరిగిపోతుంది. పెన్సిల్‌తో కాగితపు టేపు మీద రాసి అంటించి, దాని మీద సెల్లోటేపు వేయండి.